85 సెంటీమీటర్ల ప్లాస్టిక్ అస్థిపంజరం: ఎనిమిది నెలలు దీంతో చదివాక

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం పరీక్షలు ఈమధ్యే అయ్యాయి. అనాటమీ, ఫిజియాలజీ రెండూ పాసయ్యాను. ఈ అస్థిపంజరం మోడల్ కొనేముందు నేను చదివిన రివ్యూలు చాలావరకు "ప్యాకింగ్ బాగుంది, చూడ్డానికి నిజమైనదానిలా ఉంది" అనే దగ్గరే ఆగిపోయాయి. పరీక్షకు పనికొస్తుందా, వస్తే ఎలా వాడాలి అన్నది ఎవరూ రాయలేదు. నాకు అప్పుడు కావలసింది అదొక్కటే. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

ముందు, ఎందుకు కొన్నానో చెప్పాలి. మొదటి ఇంటర్నల్ ప్రాక్టికల్లో సార్ నా చేతిలో ఒక హ్యూమరస్, అంటే జబ్బ ఎముక, పెట్టి "ఇది ఏ వైపుదమ్మా? ఎలా చెప్పగలవు?" అని అడిగారు. ఆ ఎముక గురించి నేను రెండు పేజీల జవాబు రాయగలను. హెడ్, రెండు ట్యూబర్కిల్స్ (గుబ్బలు), డెల్టాయిడ్ ట్యూబరాసిటీ, రేడియల్ గ్రూవ్ (గాడి), కింద రెండు ఎపికాండైల్స్, అన్నీ వరసగా నోటికి వచ్చు. కానీ ఎముకను ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియలేదు. కుడిదన్నాను. "ఎందుకు?" అన్నారు. మాట రాలేదు. ఆ రోజు ఐదు స్పాటర్లలో, అంటే చూసి గుర్తుపట్టమని పెట్టేవాటిలో, నాలుగు తప్పాయి. చదవకపోవడం వల్ల తప్పాయని కాదు, రోజూ నాలుగు గంటలు చదివాను. పుస్తకంలో బొమ్మ ఎప్పుడూ ఒకే వైపు నుంచి, పక్కన పేర్లు రాసి ఉంటుంది. నాకు వచ్చింది ఆ బొమ్మే, ఎముక కాదు.

దాంతో ఒక మోడల్ కొనాలనుకున్నాను. ఇవి మామూలుగా మూడు సైజుల్లో దొరుకుతాయి: బల్ల మీద పెట్టుకునే 45 సెంటీమీటర్లది, సగం సైజుది 85 సెంటీమీటర్లు, నిలువెత్తుది 170 సెంటీమీటర్లు. చిన్నదాంట్లో ట్యూబర్కిల్, గ్రూవ్ లాంటివి అసలు కనపడవు, అది అలంకారానికి మాత్రమే. పెద్దది పెట్టడానికి నా గదిలో చోటు లేదు. మధ్యది తీసుకున్నాను.

పెట్టెలో అస్థిపంజరం, ఇనుప కడ్డీ ఉన్న స్టాండు, నంబర్లతో ఒక చిన్న పుస్తకం వచ్చాయి. పుర్రె పైకప్పు ఊడి వస్తుంది, కింది దవడ స్ప్రింగుతో కదులుతుంది. భుజం దగ్గర, తుంటి దగ్గర స్క్రూలున్నాయి. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు, పక్కల నుంచి పసుపు రంగులో నరాల మొదళ్ళు, నడుము దగ్గర ఒక డిస్కు బయటికి పొడుచుకొచ్చినట్టు ఎర్రగా చూపించారు. మొదటి వారం ప్లాస్టిక్ వాసన ఘాటుగా వచ్చింది, కిటికీ దగ్గర పెడితే పోయింది.

నెల రోజులు దాన్ని స్టాండు మీదే ఉంచి చదివాను. పక్కన పుస్తకం తెరిచి, పేరు చదవడం, మోడల్ మీద చూడడం. చాలా వచ్చేసినట్టే అనిపించేది. "స్కాపులా ఎక్కడుంది? అదిగో." రెండో ఇంటర్నల్లో మళ్ళీ విడి ఎముక చేతికిచ్చారు, ఈసారి స్కాపులా, అంటే భుజం వెనకుండే రెక్క ఎముక. మళ్ళీ తడబడ్డాను. ఇంటికొచ్చి మోడల్ ముందు చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. స్టాండు మీద నిలబడి ఉన్నంతసేపూ అది నన్ను ఏమీ అడగదు. కుడి చేయి కుడి వైపే ఉంది, తల పైనే ఉంది, ముంజేతిలో రేడియస్ పక్కనే అల్నా ఉంది. ప్రతి జవాబూ ముందే చెప్పేసి నిలబడింది. పరీక్షలో ఎముక ఒక్కటే వస్తుంది, పక్కవాళ్ళెవరూ ఉండరు.

ఆ రాత్రే స్క్రూడ్రైవర్ తీసుకుని మోడల్ విప్పేశాను. ఈ వస్తువు విలువ నాకు ఆ రోజు నుంచి మొదలైంది. కొనేవాళ్ళెవరైనా ముందుగా చూడాల్సింది కూడా ఇదే: ఎన్ని చోట్ల విడిపోతుంది? నా దాంట్లో పుర్రె, దవడ, రెండు స్కాపులాలు, హ్యూమరస్‌లు, ముంజేయి, ఫీమర్‌లు (తొడ ఎముకలు), మోకాలి కింది భాగం విడిగా వచ్చాయి. తుంటి ఎముకలు వెన్నెముక అడుగునుండే శాక్రమ్‌తో కలిపి అతికించేశారు. అక్కడ అసంతృప్తే.

విడిపోయిన వాటిని ఒక మందపాటి గుడ్డ సంచిలో వేశాను. రోజూ పడుకునే ముందు చెయ్యి పెట్టి, చూడకుండా ఒకటి పట్టుకోవాలి. బయటికి తీయకముందే మూడు చెప్పాలి: ఏ ఎముక, ఏ వైపు, ఎలా తెలిసింది. హ్యూమరస్ అయితే గుండ్రటి తల పైకి, లోపలి వైపుకి ఉండాలి. కింది చివర లోతైన గుంట, అంటే ఓలెక్రెనాన్ ఫోసా, వెనక్కి ఉండాలి. ఈ రెండూ కుదిరితే వైపు దానంతటదే తేలిపోతుంది. ఫీమర్‌కి తల పైకీ లోపలికీ, వెనకాల నిలువునా గరుకు గీత లీనియా ఆస్పెరా, ముందుకి కాస్త ఉబ్బిన కాండం. స్కాపులాకి గ్లీనాయిడ్ గుంట బయటి వైపుకి, స్పైన్ వెనక్కి, మొనదేలిన కోణం కిందికి. ఇవి నేను పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన వాక్యాలే. వేళ్ళకు తగిలాకే అవి నాకు నిజంగా తెలిశాయి.

ఇక్కడ మా తమ్ముడి గురించి చెప్పకుండా ఉండలేను. వాడు పదో తరగతి. జవాబుల కాగితం వాడి చేతికిచ్చి, వాణ్ణి ఎగ్జామినర్‌ని చేశాను. "అక్కా, కుడిదన్నావు. ఎడమది ఎందుకు కాకూడదు?" అని అడిగేవాడు. ఆ "ఎందుకు కాకూడదు" అన్న ప్రశ్న నాకు చేసినంత మేలు ఏ గైడూ చేయలేదు. అనాటమీ తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంటే పేర్లు సరిపోవు, కారణం చెప్పాలి. చెప్పలేకపోయిన ప్రతిసారీ ఆ ఎముకను పక్కన పెట్టి, మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ సంచిలో కలిపేవాళ్ళం. చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రచురించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే విద్యార్థుల మీద చేసిన ప్రయోగం నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చదివింది చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. స్టాండు ముందు నేను గడిపిన నెల ఆ మొదటి రకం చదువే. అందుకే అన్నీ వచ్చేసినట్టు అనిపించింది.

తర్వాత కండరాలు. ఒరిజిన్ (కండరం మొదలయ్యే చోటు), ఇన్సర్షన్ (అంటుకునే చోటు), నర్వ్ సప్లై (దానికొచ్చే నరం), యాక్షన్ (అది చేసే పని), ఈ నాలుగూ బట్టీ పట్టి ఎవరికైనా విసుగొస్తుంది. మోడల్ మీద కండరాలు లేవు కాబట్టి నేనే కట్టాను. రబ్బరు బ్యాండ్లు తెంపి రెండు చివరలా టేపుతో అంటించాను. జబ్బలో కండ, బైసెప్స్ సంగతే చూడండి. దాని పొట్టి తల స్కాపులాలో ముందుకి పొడుచుకొచ్చిన కోరకాయిడ్ నుంచి, పొడుగు తల గ్లీనాయిడ్‌కి కాస్త పైనుంచి మొదలవుతాయి. రెండూ కలిసి రేడియస్ మీదున్న చిన్న గుబ్బకి, రేడియల్ ట్యూబరాసిటీకి, అంటుకుంటాయి. మోచేయి మడుస్తుందని అందరికీ తెలుసు. అది సుపినేటర్ (అరచేతిని పైకి తిప్పేది) కూడా అని పుస్తకంలో ఉంటే ఒప్పుకుని ముందుకెళ్ళిపోయాను. మోచేతి స్క్రూ కాస్త వదులు చేసి అరచేయి కిందికి తిప్పితే ఆ గుబ్బ వెనక్కి పోయింది, బ్యాండు రేడియస్‌కి చుట్టుకుంది. లాగి వదిలితే చుట్టు విప్పుకుంటూ అరచేయి పైకి తిరిగింది! స్క్రూ తిప్పేటప్పుడు జబ్బలో కండ ఎందుకు బిగుస్తుందో ఆ క్షణంలో తెలిసింది. ఆ తర్వాత బైసెప్స్ యాక్షన్ నేను బట్టీ పట్టాల్సిన అవసరమే రాలేదు.

భుజం కీలు చుట్టూ ఉండే నాలుగు కండరాలు, అంటే రొటేటర్ కఫ్, కూడా ఇలాగే. గ్రేటర్ ట్యూబర్కిల్ మీద సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ మూడు బ్యాండ్లు పైనుంచి వెనక్కి వరసగా. ముందు లెసర్ ట్యూబర్కిల్ మీద సబ్‌స్కాపులారిస్ ఒక్కటి. ముందు నుంచి లాగేది ఒక్కటే కనుక అది చేతిని లోపలికి తిప్పుతుంది, వెనకనుంచి లాగే రెండూ బయటికి తిప్పుతాయి. సుప్రాస్పైనేటస్ పైనుంచి వెళ్తుంది కాబట్టి చేయి పక్కకి లేవడం మొదలుపెడుతుంది. బ్యాండు ఎటు లాగుతుందో చూస్తే యాక్షన్ ఎవరూ చెప్పనక్కర్లేదు.

నరాలకు పసుపు ఉన్ని దారం. హ్యూమరస్ ఒక్కదాని మీదే మూడు దారాలు చుట్టాను: తల కింద ఉండే సర్జికల్ నెక్ చుట్టూ ఆక్సిలరీ, వెనకాల రేడియల్ గ్రూవ్‌లో రేడియల్, లోపలి ఎపికాండైల్ వెనక అల్నార్. ఎముక మధ్యలో విరిగితే ఏ దారం తెగుతుందో కళ్ళముందే ఉంది. మణికట్టును పైకి లేపే కండరాలకు వెళ్ళేది ఆ రేడియల్ నరమే కాబట్టి చేయి వేలాడిపోతుంది. మోకాలి కింద బయటి వైపుండే సన్నటి ఎముక, ఫిబులా, దాని మెడ చుట్టూ కట్టిన దారం కూడా ఇదే కథ చెబుతుంది, అక్కడ పాదం వేలాడుతుంది. ఫైనల్ వైవాలో, అంటే నోటి పరీక్షలో, నన్నడిగిన రెండో ప్రశ్న సరిగ్గా ఇదే. జవాబు చెబుతుంటే నా కళ్ళకు పసుపు దారమే కనపడింది.

మెడ వెన్నుపూసల పక్క రంధ్రాలు నా మోడల్లో నిజంగానే తెరిచి ఉన్నాయి. సన్నటి ఎర్ర దారం ఆరో వెన్నుపూస నుంచి మొదటిదాకా దూర్చి మెదడుకి రక్తం తీసుకెళ్ళే వెర్టెబ్రల్ ఆర్టరీ దారి చూసుకున్నాను. ఏడోదానికీ రంధ్రం ఉంటుంది కానీ మామూలుగా ఆర్టరీ అందులోంచి పోదు. అడిగితే చాలామంది తప్పు చెప్పేది ఇక్కడే.

ఇంకొకటి, ఇది ఉచితం. మోడల్ మీద పట్టుకున్న ప్రతి గుర్తునూ వెంటనే నా ఒంటి మీద వెతుక్కున్నాను. భుజం కొసన అక్రోమియన్, తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఏడో వెన్నుపూస, చెవి వెనక మాస్టాయిడ్, మోకాలి కింద టిబియల్ ట్యూబరాసిటీ. రొమ్ము ఎముక మీద పైనుంచి వేలు జార్చుకుంటూ వస్తే అడ్డంగా ఒక గట్టు తగులుతుంది, అదే స్టెర్నల్ యాంగిల్, రెండో పక్కటెముక అక్కడే కలుస్తుంది. పక్కటెముకలు లెక్కపెట్టడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మొదటిది కాలర్ ఎముక కింద దాక్కుని చేతికి దొరకదు. ఎగ్జామ్ హాల్లోకి పుస్తకం రాదు, మోడల్ రాదు, నా ఒళ్ళు వస్తుంది. రాత పరీక్షలో రేడియస్ స్టైలాయిడ్ ఎటు వైపో ఒక్క క్షణం అనుమానం వస్తే బొటనవేలి కింద మణికట్టు తడుముకుని రాశాను.

ఇక లోపాలు. ఇవి కచ్చితంగా తెలుసుకుని కొనాలి.

పుర్రె బాగా నిరాశపరిచింది. వెన్నుపాము వెళ్ళే పెద్ద రంధ్రం ఫొరామెన్ మాగ్నమ్ తప్ప అడుగున మిగిలిన రంధ్రాలేవీ తెరిచి లేవు. ఓవేల్, స్పైనోసమ్, రొటండమ్ ఉండాల్సిన చోట చిన్న గుంటలే ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల అవీ లేవు. ఏ రంధ్రంలోంచి ఏది వెళ్తుంది అన్నది పరీక్షలో ఖాయంగా వచ్చే ప్రశ్న. ఓవేల్ లోంచి మాండిబ్యులర్ నరం, రొటండమ్ లోంచి మాక్సిలరీ, స్పైనోసమ్ లోంచి మిడిల్ మెనింజియల్ ఆర్టరీ. ఇదంతా నేను కాలేజీలో ఉన్న నిజమైన పుర్రె దగ్గర, లంచ్ టైమ్‌లో నిలబడి నేర్చుకోవాల్సి వచ్చింది. సగం సైజు మోడల్ మీద పుర్రె నేర్చుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

వెన్నెముక మొత్తం ఒకే ముక్క, విప్పలేం. ఒక్క వెన్నుపూస చేతికిస్తే అది మెడదా, వీపుదా, నడుముదా అని చెప్పడం దీంతో సాధన చేయలేం. పక్క రంధ్రాలుంటే మెడది, పక్కటెముక ఆనే గుర్తులుంటే వీపుది, రెండూ లేకుండా బండగా ఉంటే నడుముది అని సూత్రం తెలుసు కానీ విడి ఎముక పట్టుకున్న అనుభవం వేరు. మణికట్టు ఎనిమిది ఎముకలూ తీగతో గుచ్చి ఉన్నాయి, వాటిలో పిసిఫార్మ్‌ని ట్రైక్విట్రమ్ ముందు కాకుండా పక్కన పెట్టేశారు. పాదమైతే ఒకటే ముద్ద. టాలస్ (చీలమండ ఎముక), కాల్కేనియస్ (మడమ ఎముక) వరకు గుర్తుపట్టొచ్చు, మిగతావి గీతలు మాత్రమే.

దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో బయటి చీలమండ గుబ్బను, అంటే లేటరల్ మాలియోలస్‌ని, టిబియాకి రాశారు. అది ఫిబులాది, టిబియాది లోపలి గుబ్బ. నా చీలమండ తడుముకుంటూ పైకి వెళ్తేగానీ ఆ తప్పు నాకు దొరకలేదు. ఆ పుస్తకాన్ని వాడకండి, మీ టెక్స్ట్‌బుక్ చూసి మీరే నంబర్లు వేసుకోండి. పెట్టె విప్పగానే లెక్క కూడా చూసుకోండి: మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు, పన్నెండు జతల పక్కటెముకలు, ఒక్కో చేతి వేళ్ళలో 14 ఎముకలు. తేడా వస్తే వెంటనే వెనక్కి పంపేయండి. మరో మాట, స్క్రూలు మాటిమాటికీ విప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. నాలుగో నెలకి ఎడమ భుజం నిలవడం మానేసింది, తీగతో కట్టాను.

ఫిజియాలజీకి ఇది దాదాపు పనికిరాదు. ఎర్ర మజ్జ పెద్దవాళ్ళలో ఎక్కడెక్కడ మిగులుతుందో చూపించుకోవడానికి బాగుంది: రొమ్ము ఎముక, తుంటి, వెన్నుపూసలు, పక్కటెముకలు, పుర్రె, హ్యూమరస్ ఫీమర్‌ల పై చివరలు. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలు బకెట్ పిడిలా పక్కకి లేస్తాయి కదా, అది చూద్దామంటే ఈ మోడల్లో పంజరం కదలదు. అయితే సంచి పద్ధతి ఫిజియాలజీకి కూడా పనిచేసింది. ఒక్కో ప్రక్రియను విడివిడి కాగితం ముక్కల మీద రాసి కలిపేసేదాన్ని. బీపీ పడిపోయింది, కెరోటిడ్ సైనస్, అయోర్టిక్ ఆర్చ్‌లలో ఒత్తిడిని పసిగట్టే బారోరిసెప్టర్ల సంకేతాలు తగ్గాయి, మెదడు అడుగునున్న మెడుల్లా దాన్ని గుర్తించింది, గుండెను వేగపరిచే సింపథెటిక్ నరాల పని పెరిగింది, నెమ్మది చేసే వేగస్ నరం పని తగ్గింది, గుండె వేగం పెరిగింది, రక్తనాళాలు బిగుసుకున్నాయి, బీపీ పైకొచ్చింది. తమ్ముడు ఒక ముక్క దాచేసి "ఇది లేకపోతే ఏమవుతుందక్కా?" అనేవాడు. గొలుసు నిజంగా అర్థమైందో లేదో తెలిసేది అక్కడే.

అంకెలను కూడా ఒంటరిగా గుర్తుపెట్టుకోలేదు, ఒకదాన్నుంచి ఇంకోటి లెక్కగట్టాను. గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు, అంటే నిమిషానికి ఐదు లీటర్లు. మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తే రోజుకి 180 లీటర్లు. బయటికొచ్చేది లీటరున్నర దాకానే. అంటే 99 శాతానికి పైగా శరీరం వెనక్కి తీసుకుంటోంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసిన రోజు నాకు కిడ్నీ మీద గౌరవం కలిగింది. అప్పటిదాకా అది నాకు టెన్షన్ పెట్టే చాప్టర్ మాత్రమే.

త్రీడీ యాప్‌లతో పోల్చమని కొందరు అడిగారు. కండరాల పొరలు, ఏది పైన ఏది కింద అన్నది యాప్‌లోనే బాగా కనపడుతుంది, మోడల్‌కి ఆ శక్తి లేదు. కానీ యాప్‌లో దేన్ని తాకినా పేరు వచ్చేస్తుంది. నేను దాన్ని జవాబు సరిచూసుకోవడానికి వాడాను, నేర్చుకోవడానికి కాదు.

ఎవరు కొనాలి? ఫిజియోథెరపీ వాళ్ళకి గట్టిగా చెబుతాను, కొనండి. కాళ్ళూ చేతులే మన ప్రాణం, దీంట్లో బాగున్నవీ అవే. నర్సింగ్ వాళ్ళకి ఇంత వివరం అవసరం పడకపోవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే చాలు. ఎంబీబీఎస్ వాళ్ళకి పుర్రె, విడి వెన్నుపూసలు తప్పనిసరి కాబట్టి ఇది సరిపోదు, విడి ఎముకల సెట్ చూసుకోండి. నా రేటింగ్ ఐదుకి నాలుగు. పుర్రెకీ, పాదానికీ ఒకటి తగ్గించాను.

గత వారం ఒక జూనియర్ వచ్చి "అక్కా, పరీక్షలయ్యాయిగా, మోడల్ ఇస్తారా?" అని అడిగింది. మొదటి ఇంటర్నల్లో తనకీ హ్యూమరస్సే వచ్చిందట. సంచి, ఎముకలు, రబ్బరు బ్యాండ్లు, పసుపు దారం ఉండ ఇచ్చాను. స్టాండు మాత్రం ఇవ్వలేదు. రెండు నెలల తర్వాత వచ్చి తీసుకెళ్ళమన్నాను.